ఫోన్ చల్లగా కనిపిస్తే పవర్ తక్కువ వాడుతున్నట్టేనా? థర్మల్ కెమెరా రివ్యూ

నమస్తే అండీ. నా చేతిలో ఉన్నది థర్మల్ కెమెరా, అంటే వస్తువుల నుంచి వచ్చే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను పట్టి వేడిని రంగుల్లో చూపించేది. నీలం అంటే చల్లన, నారింజ, పసుపు అంటే వేడి, తెలుపు అంటే బాగా వేడి. ఫోన్ చార్జింగ్ పోర్టులో పెడితే చాలు, పనిచేస్తుంది. ఏ ఫోన్ పవర్ ఎక్కువ వాడుతుందో దీనితో తెలుస్తుంది. కాకపోతే బొమ్మ చూడగానే తీర్పు చెప్పేస్తే తప్పులో కాలేసినట్టే.

ఇదిగో, రెండు ఫోన్లు. ఒకే గేమ్, ఒకే బ్రైట్‌నెస్. కవర్లు తీసేశాను, ఫ్యాన్ ఆపేశాను. 20 నిమిషాలయ్యింది. ఎడమ ఫోన్‌లో కెమెరా పక్కనే తెల్లటి మచ్చ చూశారా? ప్రాసెసర్ అక్కడుంది. కుడి ఫోన్ వెనకంతా ఒకటే నారింజ రంగు. మచ్చ ఉన్నదే ఎక్కువ తాగుతోందని అనిపిస్తుంది. కానీ కుడి ఫోన్‌లో వేపర్ చాంబర్ ఉంది, అంటే లోపల కాస్త ద్రవం ఉన్న పలుచటి లోహపు పలక, అది వేడిని వెనకంతా పరిచేస్తుంది. వేడి తగ్గలేదు, పరుచుకుందంతే. బ్యాటరీ ఇచ్చే పవర్‌లో వెలుగుగా, సిగ్నల్‌గా పోయే కాస్త తప్ప మిగతాదంతా చివరికి వేడే అవుతుంది. అందుకే మచ్చను వదిలేసి, ముందూ వెనకా సగటు వేడి గది కంటే ఎంత ఎక్కువుందో చూడండి.

ఇప్పుడు దగ్గరికి రండి. ఈ మెటల్ అంచు నీలంగా, చల్లగా కనిపిస్తోంది. వేలు పెడితే మాత్రం చురుక్కుమంటోంది! మెరిసే లోహం తన ఇన్‌ఫ్రారెడ్‌ను చాలా తక్కువగా వెదజల్లుతుంది, గదిని అద్దంలా చూపిస్తుంది. చిన్న నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించాను. చూడండి, ఆ ముక్క ఒక్కటే పసుపు. అసలు వేడి అది. గాజుకి ఈ ఇబ్బంది పెద్దగా లేదు, దాని ఎమిసివిటీ, అంటే ఇన్‌ఫ్రారెడ్‌ను వెదజల్లే గుణం, గరిష్ఠం 1 అనుకుంటే 0.9 దగ్గర ఉంటుంది.

ఇంకొకటి, బాగా వేడెక్కాక ఫోన్ తనే స్పీడ్ తగ్గించుకుంటుంది. బొమ్మ చల్లబడుతుంది, గేమ్ తడబడుతుంది. కాబట్టి పక్కనే ఎఫ్‌పీఎస్, అంటే గేమ్ సెకనుకి ఎన్ని ఫ్రేములు చూపిస్తోందో కూడా రాసుకోవాలి. ఇలాంటి కెమెరాల్లో 2 డిగ్రీలు అటూ ఇటూ మామూలే, ఒక్క డిగ్రీ తేడాకి ఏ ఫోన్‌నీ తీసిపారేయకండి.

నాకు ఈ కెమెరా బాగా పనికొచ్చింది చార్జింగ్ దగ్గర. వైర్‌లెస్ ప్యాడ్ మీంచి ఫోన్ తీసి తిప్పాను, వెనక మధ్యలో గుండ్రంగా కాయిల్ ఆకారమే వెలుగుతోంది. బ్యాటరీలోకి ఎక్కకుండా వృథా అయిన పవర్ అది. ప్యాడ్ మీద ఫోన్ కాస్త పక్కకి జరిగితే ఈ వృథా ఇంకా పెరుగుతుంది. అదే ఫోన్‌కి కేబుల్ పెట్టి చూస్తే ఆ గుండ్రటి మచ్చే లేదు.