పని చేస్తోందా, ఎదురు చూస్తోందా?

అందరికీ నమస్కారం.

సిస్టమ్ స్లోగా ఉందని ఫోన్ రాగానే మనలో చాలామంది బాగా అలవాటైన టూల్‌నే తెరుస్తాం. నేనూ అంతే. ఆ అలవాటు ఒకసారి నా రెండు రోజులు తినేసింది.

ఒక సర్వీసులో ప్రతి రిక్వెస్టుకూ 40 మిల్లీసెకన్లకు పైనే పడుతోంది. ఏ ఫంక్షన్ సీపీయూను ఎంతసేపు వాడుతోందో చూపే టూల్, అంటే ప్రొఫైలర్, నాకు బాగా వచ్చు కాబట్టి పెర్ఫ్ అనే ప్రొఫైలర్ పెట్టుకుని కూర్చున్నాను. పైన కనిపించిన ఫంక్షన్లన్నీ సరిచేశాను. ఆలస్యం మాత్రం తగ్గలేదు. అసలు సీపీయూ మొదటినుంచీ దాదాపు ఖాళీగానే ఉంది! సీపీయూ ప్రొఫైలర్‌కు నడుస్తున్న కోడే కనిపిస్తుంది, దేనికోసమో ఆగి నిద్రపోతున్న థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో నడిచే ఒక పని) కనిపించదు.

మూడో రోజు టెస్ట్ మెషీన్‌లో ఎస్‌ట్రేస్‌తో చూశాను. ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే ప్రతి పనినీ, అంటే ప్రతి సిస్టమ్ కాల్‌నూ, చూపే టూల్ అది. నెట్‌వర్క్‌లోకి రెండు చిన్న రైట్లు, వెంటనే జవాబు కోసం ఒక రీడ్. ఆ రీడ్ దగ్గరే 40 మిల్లీసెకన్లు, ప్రతిసారీ. 1984లో జాన్ నేగల్ చెప్పిన పద్ధతి ప్రకారం, మొదటి రైట్ అందినట్టు కబురు వచ్చేదాకా రెండో చిన్న ప్యాకెట్ బయల్దేరదు. అవతలి లైనక్స్ మెషీనేమో ఆ కబురును జవాబుతో కలిపి పంపుదామని ఆగుతుంది. ఒకరి కోసం ఒకరు ఆగిపోయారన్నమాట. రెండు రైట్లను ఒకటి చేయగానే ఆలస్యం పోయింది.

అప్పటినుంచీ నా మొదటి ప్రశ్న ఒకటే. ప్రోగ్రామ్ పని చేస్తోందా, ఎదురు చూస్తోందా? పని చేస్తుంటే ప్రొఫైలర్, దాని ఫలితాన్ని బొమ్మగా చూపే ఫ్లేమ్ గ్రాఫ్ సరైనవి. ఎదురు చూస్తుంటే దేనికోసమో తేల్చాలి: డిస్క్, ఇంకో థ్రెడ్ పట్టుకున్న లాక్, నెట్‌వర్క్, లేదా సీపీయూ కోసమే క్యూ.

లోడ్ యావరేజ్, అంటే నడుస్తున్న, నడవడానికి ఆగిన ప్రాసెస్‌ల సగటు సంఖ్య, చూసి మాత్రం తొందరపడకండి. లైనక్స్‌లో ఆ అంకెలో డిస్క్ కోసం ఆగిన ప్రాసెస్‌లు కూడా కలుస్తాయి. లోడ్ 30 ఉన్నా సీపీయూ ఖాళీగా ఉండొచ్చు.

రిక్వెస్టుల సగటు సమయం కూడా అంతే. వంద రిక్వెస్టుల్లో 99 పది మిల్లీసెకన్లలో అయిపోయి, ఒక్కటి రెండు సెకన్లు తీసుకుంటే, సగటు 30 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. నిజానికి అంతసేపు పట్టిన రిక్వెస్టు ఒక్కటీ లేదు. అలాంటప్పుడు ఆ ఒక్క రిక్వెస్టునే ట్రేస్ చేయాలి. లైవ్ సర్వర్ మీద ఎస్‌ట్రేస్ మాత్రం వద్దు, ప్రతి సిస్టమ్ కాల్ దగ్గరా ప్రాసెస్‌ను ఆపుతుంది.

ఇప్పుడు తెర మీద వీఎంస్టాట్ నడుపుతున్నాను, ప్రాసెస్‌లు, మెమరీ, సీపీయూ లెక్కలు వరుసలుగా చూపే టూల్ ఇది. మొదటి వరుసను వదిలేయండి, అది మెషీన్ బూట్ అయినప్పటినుంచీ ఉన్న సగటు. రెండో వరుసలో 'ఆర్' కాలమ్ చూడండి, అది నడుస్తున్నవీ, సీపీయూ కోసం క్యూలో ఉన్నవీ కలిపి ప్రాసెస్‌ల సంఖ్య. ఈ మెషీన్‌లో కోర్లు నాలుగు, అక్కడ అంకె పదకొండు. అంటే ఇక్కడ ఎదురుచూపు సీపీయూ కోసమే.