పాత వాచ్ కొంటున్నారా? పార్టులన్నీ ఒకే వయసువేనా చూడండి

నమస్తే అండి. ఈరోజు టేబుల్ మీద ఉన్నది సీకో 6139 క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచ్. అమ్మే ఆయన "1977ది, అంతా ఒరిజినలే" అంటున్నారట, తీసుకోవచ్చా అని మన వ్యూయర్ ఒకరు అడిగారు. డయల్ మీద ఒక్క మరక లేదు. ఇన్నేళ్ల వాచ్ ఇంత తళతళలాడుతుంటే నాకు ముచ్చట కంటే అనుమానమే ముందు వస్తుంది.

వెనక మూత చూద్దాం. జూమ్ చేస్తున్నా. ఆ కాలం సీకోల్లో సీరియల్ నంబర్ మొదటి అంకె ఏడాదిలో చివరి అంకె, రెండోది నెల. ఇక్కడ 7, తర్వాత 1. అంటే 7తో ముగిసే ఏడాది, జనవరి. 1967 అయ్యే వీల్లేదు, ఈ మెషీన్ వచ్చిందే 1969లో. కాబట్టి 1977. ఇంతవరకూ ఆయన మాట నిజమే.

ఇప్పుడు డయల్. భూతద్దంలో చూడండి, "వాటర్ 70 మీటర్ ప్రూఫ్" అని ఉంది. ఆ "ప్రూఫ్" అన్న మాటను 1970 ప్రాంతంలోనే తీసేసి సీకో "రెసిస్ట్" అని వేయడం మొదలుపెట్టింది. మరి 1977 మూత కింద ఈ డయల్‌కేం పని? అక్షరాల అంచులు కూడా చూడండి, రంగు కాస్త పాకినట్టుంది. ఫ్యాక్టరీ ప్రింటింగ్ గీత గీసినట్టు పదునుగా ఉంటుంది. నా లెక్కలో ఇది కొత్తగా అచ్చేసిన డయల్.

పాత వాచీల్లో పూర్తి నకిలీని పట్టుకోవడం తేలికే. అసలు తలనొప్పి ఇలా తలో చోట నుంచి తెచ్చి కలిపినవాటితోనే. ఫ్రాంకెన్‌వాచ్ అంటారు. 2021లో జెనీవా వేలంలో ఒక 1957 నాటి ఒమెగా స్పీడ్‌మాస్టర్ 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. అది అతుకుల వాచ్ అని, తమ మాజీ ఉద్యోగుల చెయ్యి కూడా ఇందులో ఉందని 2023లో ఒమెగానే చెప్పింది. కొన్నదెవరనుకున్నారు? ఒమెగా మ్యూజియమే!

స్విస్ వాచ్ అయితే ఇంకో పరీక్ష ఉంది. డయల్ అడుగున "టి స్విస్ టి" అని ఉంటే చీకట్లో మెరిసే ఆ పూతలో ఉన్నది ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం. పన్నెండేళ్లకు పైచిలుకులో దాని శక్తి సగమైపోతుంది. అందుకే 70ల నాటి వాచ్ యూవీ టార్చ్ పెట్టినప్పుడు వెలిగినా, టార్చ్ తీశాక త్వరగానే ఆరిపోవాలి. చాలాసేపు ధగధగలాడితే కొత్త పూత పూశారన్నమాట. డయల్ మీద పూత మీగడ రంగుకి తిరిగి, ముళ్ల మీద మాత్రం తెల్లగా ఉంటే ముళ్లు మార్చారనే అనుమానించాలి. అంతకంటే పాతవాటిలో రేడియం వాడేవారు. మెరుపు పోయినా రేడియేషన్ పోదు, దాని సగం ఆయుష్షే సుమారు 1600 ఏళ్లు. అవి మీరు విప్పకండి, గీకి అసలే చూడకండి.

గ్లాసు, కీ మార్చి ఉంటే నేను పట్టించుకోను, సర్వీసులో అవి మారుతుంటాయి. చెప్పి అమ్మితే చాలు. మెషీన్ ఫొటో అడిగితే "మూత రావట్లేదండీ" అనే వాళ్ల దగ్గర మాత్రం కొనకండి.

ఇక ఈ సీకో సంగతి. పెట్టుకు తిరగడానికి బాగుంటుంది. డయల్ మార్చామని ఒప్పుకుని ఆ మేరకు తగ్గిస్తే తీసుకోండి, ఒరిజినల్ రేటు అడిగితే వదిలేయండి. ఇంకోటి, రీసెట్ నొక్కుతున్నా చూడండి... క్రోనో ముల్లు 12 దగ్గరికి రాకుండా కాస్త పక్కన ఆగింది. బేరంలో సర్వీసు ఖర్చు కూడా కలిపి మాట్లాడండి.