ఒక్క ‘క’ తేడా

మిత్రులారా, బిడ్డకు మూడు రోజులుగా జ్వరం. తల్లి ఫోనులో ‘జ్వరం తగ్గకపోతే ఏమి చేయాలి’ అని వెతికింది. ‘జ్వరం తగ్గితే ఏమి చేయాలి’ అని చెప్పే పేజీ ముందుగా వచ్చిందనుకోండి. యంత్రం లెక్క ప్రకారం అది సరైన జవాబే. జ్వరం ఉంది, తగ్గడం ఉంది. జారిపోయింది ‘లేదు’ అనే అర్థాన్నిచ్చే ఒక్క ‘క’. ఆ తల్లి ఆందోళనంతా ఆ అక్షరంలోనే ఉంది. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

గూగుల్ లాంటి వెతుకులాట యంత్రాల పునాది పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది. ఏ పదం ఏయే పత్రాల్లో ఉందో ముందే రాసిపెట్టుకుంటారు. కొద్ది పత్రాల్లోనే కనిపించే పదానికి ఎక్కువ విలువ ఇవ్వాలని 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త కరెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించారు. యాభై ఏళ్లు దాటినా ఆ సూత్రం నిలిచే ఉంది. నాకు ఎంతో గౌరవం కలిగించే ఆలోచన అది.

అయితే తెలుగులో పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? ఒకే పదం రూపాలన్నీ ఒకచోట చేరేలా ఇంగ్లీషు పదాల చివరలు కత్తిరించే నియమాలను 1980లో కంప్యూటర్ శాస్త్రవేత్త మార్టిన్ పోర్టర్ ప్రచురించారు. మనకు కత్తెర చాలదు. ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇళ్లు: వీటి చివరలు తీసేస్తే మిగిలిన మొదళ్లు ఒకదానితో ఒకటి కలవవు. క్రియల దగ్గర చిక్కు ఇంకా పెద్దది. తగ్గింది, తగ్గలేదు, తగ్గకపోతే అన్నిటినీ ‘తగ్గు’ కింద చేర్చేస్తే ఎక్కువ పేజీలు దొరుకుతాయి, నిజమే. కానీ అవునూ కాదూ ఒకటైపోతాయి. కాబట్టి పదాన్ని విడదీసి, ధాతువునూ వ్యతిరేకార్థాన్నీ విభక్తినీ వేర్వేరు గుర్తులుగా సూచికలో ఉంచాలని నేను గట్టిగా కోరుతున్నాను.

2019లో గూగుల్ తన వెతుకులాటలో ప్రతి మాటనూ చుట్టుపక్కల మాటలతో కలిపి అర్థం చేసుకునే బర్ట్ అనే భాషా నమూనాను ప్రవేశపెడుతూ ఒక ఉదాహరణ చూపింది. అమెరికాకు వెళ్లే బ్రెజిల్ ప్రయాణికుడికి వీసా కావాలా అన్నది ప్రశ్న. అంతకుముందు బ్రెజిల్‌కు వెళ్లే అమెరికన్ల గురించిన పేజీ వచ్చేది. దిశను చెప్పే చిన్న మాట లెక్కలోకి రాలేదు. ఇంగ్లీషులో అది విడి మాట, మనకు అది ‘కు’.

అలాంటి నమూనా ఉంటే వ్యాకరణ విశ్లేషణ ఎందుకని అడుగుతారు. బర్ట్ మాటలను చిన్న ముక్కలుగా విడదీసి చదువుతుంది. దాని బహుభాషా రూపం 104 భాషలకు కలిపి ఒకే ముక్కల పట్టికను వాడుతుంది. అందులో తెలుగు వాటా చిన్నది కాబట్టి పొడవైన తెలుగు మాట తరచు అర్థం లేని తునకలవుతుంది. పైగా కోట్ల పేజీలను ఇలాంటి నమూనాతో ఒక్కొక్కటిగా ప్రశ్నతో పోల్చడం మోయలేని భారం. అందుకే చాలాచోట్ల పదసూచిక కొన్ని వందల పేజీలను ఏరి ఇస్తే, నమూనా వాటి వరుసను సరిచేస్తుంది. మొదటి వడపోతలో జారిపోయిన పేజీని వెనక్కి తేవడం రెండోదానికి సాధ్యం కాదు.

తెలుగు వెతుకులాటను పరీక్షించేవారికి నాదొక విన్నపం. తగ్గితే, తగ్గకపోతే, హైదరాబాదుకు, హైదరాబాదు నుంచి: ఇలాంటి జంట ప్రశ్నలు కొన్ని వందలు తయారుచేయండి. రెండిటికీ ఒకే పేజీ మొదట వస్తుంటే ఆ వ్యవస్థను ఇంకా జనం చేతికి ఇవ్వకండి.