ఆ పడవ ఎవరిది? సముద్ర భద్రతలో మన నౌకాదళం

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

నౌకాదళం అనగానే మనకు 1971 గుర్తొస్తుంది. డిసెంబర్ 4 రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీని దెబ్బతీశాయి. ఆ రోజునే ఏటా నేవీ డేగా జరుపుకుంటున్నాం. అది గర్వపడాల్సిన విషయమే. అయితే ఈ రోజు నేను 2008 నవంబర్ గురించి మాట్లాడతాను. ఎందుకంటే అప్పుడు మన మీదికి ఆపద యుద్ధనౌకలో రాలేదు, చేపల బోటులో వచ్చింది.

గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన కుబేర్ అనే బోటును పదిమంది ఉగ్రవాదులు సముద్రంలో పట్టుకున్నారు. నలుగురు మత్స్యకారులను చంపేశారు. బోటు నడిపే సరంగును మాత్రం ముంబై దగ్గరికి వచ్చేదాకా ఉంచుకుని, దారి చూపించుకుని, ఆ తర్వాత అతన్నీ చంపేశారు. అక్కడి నుంచి రబ్బరు పడవలో ఒడ్డుకు చేరారు. ముంబైలో వాళ్లు చేసిన దాడుల్లో 166 మంది ప్రాణాలు పోయాయి.

ఒక్కసారి ఆలోచించండి. కుబేర్ మన బోటే. దూరం నుంచి ఏ గస్తీ నౌక చూసినా వేటకు వెళ్లి వస్తున్న వందల బోట్లలో అదొకటి, అంతే. ఆ రాత్రి వాళ్లు ఒడ్డున దిగుతుంటే అనుమానం వచ్చి, మీరెవరని అడిగింది అక్కడి మత్స్యకార కాలనీవాళ్లు. సముద్రం మీద అడగాల్సిన ఆ ప్రశ్న ఒడ్డుకు వచ్చేదాకా ఎవరూ అడగలేకపోయారు. సముద్ర భద్రతలో తుపాకీ కన్నా ముందు రావాల్సింది ఆ ప్రశ్నేనని నేను గట్టిగా నమ్ముతాను.

అడగడం తేలిక కాదు. నేల మీద సరిహద్దుకు కంచె వేస్తాం. నీటి మీద వేయలేం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా అది మన జలాలే అయినా, హాని తలపెట్టకుండా దాటిపోయే విదేశీ ఓడకు అంతర్జాతీయ చట్టం దారి ఇస్తుంది. 200 నాటికల్ మైళ్ల దాకా చేపలు, చమురు, గ్యాస్ మీద హక్కు మనదే, ప్రయాణించే స్వేచ్ఛ మాత్రం అందరిదీ. ఇరవై లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన ఆ ప్రాంతంలో వచ్చీపోయే ప్రతి ఓడనూ ఆపే హక్కు మనకు లేదు. కానీ ఏది ఏమిటో తెలిసి ఉండాలి.

అందుకే 2009లో మొత్తం సముద్ర భద్రత బాధ్యతను నౌకాదళానికి అప్పగించారు. తీరానికి దగ్గరి జలాలను కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసులు చూసుకుంటారు. తీరం పొడవునా రాడార్లు పెట్టారు. వాటి సమాచారమంతా 2014 నుంచి గురుగ్రామ్‌లోని కేంద్రానికి చేరుతోంది. అక్కడ తెర మీద ఒక్కో ఓడా ఒక్కో చుక్క. పెద్ద ఓడలు ఏఐఎస్ అనే పరికరంతో తమ పేరు, దిశ, వేగం తామే చెబుతుంటాయి. ఇరవై మీటర్లు దాటిన మన చేపల బోట్లకూ దాన్ని తప్పనిసరి చేశారు. అయితే మన బోట్లలో చాలా భాగం అంతకన్నా చిన్నవి. పైగా చెడ్డ పని మీద వచ్చేవాడు ముందు ఆ పరికరాన్నే ఆపేస్తాడు.

ఇదే చిక్కు దూర సముద్రంలోనూ ఉంది. 2023 డిసెంబర్‌లో సోమాలియా దొంగలు రూయెన్ అనే సరుకు ఓడను హైజాక్ చేశారు. తర్వాత దాన్నే అడ్డాగా చేసుకుని మిగతా ఓడల మీద పడాలని బయల్దేరారు. అది కుబేర్ కథే, కాకపోతే పెద్ద ఓడలో. 2024 మార్చిలో మన యుద్ధనౌక ఐఎన్ఎస్ కోల్‌కతా దాన్ని అడ్డగించింది. దొంగలు కాల్పులు జరిపారు. మార్కోస్ అనే మన నౌకాదళ కమాండోలు విమానం నుంచి పారాషూట్లతో సముద్రంలోకి దిగారు. దాదాపు 40 గంటల తర్వాత 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఇదంతా మన తీరానికి 2,600 కిలోమీటర్ల దూరంలో జరిగింది! అంత దూరం మనకెందుకు అని కొందరు అడుగుతారు. మన విదేశీ వాణిజ్యంలో పరిమాణం లెక్కన 95 శాతం దాకా ఓడల మీదే సాగుతుంది. ఆ దారిలో ఓడలకు భయం పట్టుకుంటే ఇన్సూరెన్స్, కిరాయి పెరుగుతాయి. ఆ భారం చివరికి మన ఇంటి ఖర్చు మీదే పడుతుంది.

దూరాన కమాండోలు ఉన్నారు. దగ్గర్లో మాత్రం మత్స్యకారుడిని మించిన కన్ను లేదు. ఏ బోటు ఏ ఊరిదో, ఎవరు ఎక్కడ వల వేస్తారో అతనికి తెలుసు. కొత్త బోటు కనిపిస్తే రాడార్ కన్నా ముందే పోల్చుకుంటాడు. కానీ కబురు చెబితే తనకే టెన్షన్, రోజంతా స్టేషన్‌లో కూర్చోబెడతారు అనుకుంటే నోరు మెదపడు. నడిసముద్రంలో ఆపినప్పుడు మన సిబ్బంది అతని భాషలో, మర్యాదగా మాట్లాడాలి. ఇది శిక్షణలో మొదటి పాఠం కావాలని నా కోరిక.

2024లో కేంద్రం లక్ష చేపల బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం మొదలుపెట్టింది. ఇస్రో తయారుచేసిన ఈ పరికరం ఉపగ్రహం ద్వారా పనిచేస్తుంది. తుపాను హెచ్చరిక బోటుకు చేరుతుంది, ఆపదలో ఉన్న బోటు నుంచి కబురు ఒడ్డుకు చేరుతుంది. ఆ బోటు ఎవరిదో కూడా తెలుస్తుంది. నిఘా కోసమే పెట్టారని అనిపిస్తే సరంగు దాన్ని ఆపేసే దారి వెతుకుతాడు. అదే, తుపాను రోజున తన ఇంటివాళ్లకు తన జాడ తెలిపేది ఇదేనని నమ్మితే వేటకు బయల్దేరే ముందు అది పనిచేస్తోందో లేదో తనే చూసుకుంటాడు.