షిర్లీ చిజమ్: పాచిపని చేసిన తల్లి కూతురు కాంగ్రెస్‌కెళ్తే

అక్క: అందరికీ నమస్కారం. ఈ వారం షిర్లీ చిజమ్ గురించి. అమెరికా కాంగ్రెస్‌కి, అంటే అక్కడి పార్లమెంటుకి గెలిచిన మొట్టమొదటి నల్లజాతి మహిళ. 1968లో, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి.

తమ్ముడు: 1972లో అధ్యక్ష పదవికి పోటీ పడ్డావిడే కదక్కా?

అక్క: ఆవిడే. ఎవరైనా ఆ పోటీ గురించి చెప్పి ఆపేస్తారు. నాకైతే ఆవిడ చేసిన పెద్ద పని వేరే ఉందిరా. అమెరికాలో కనీస వేతన చట్టం 1938లో వచ్చింది. ఇళ్లల్లో పాచిపని చేసేవాళ్లని మాత్రం అందులో చేర్చలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ పని చేసేది ఎక్కువగా నల్లజాతి ఆడవాళ్లే. వాళ్లకా హక్కు వచ్చేసరికి 1974 అయింది. 36 ఏళ్లు! ఆ సవరణ కోసం గట్టిగా పట్టుబట్టినవాళ్లలో ఈవిడ ముందుంది.

తమ్ముడు: వాళ్లమ్మ కూడా ఆ పనే చేసేదట కదా.

అక్క: అవును. బార్బడోస్ నుంచి వలస వచ్చింది. బట్టలు కుట్టేది, ఇళ్లల్లో పనికెళ్లేది. నాన్నది గయానా, గోనెసంచుల ఫ్యాక్టరీలో పని. ఇద్దరూ పనికెళ్తే పిల్లల్ని ఎవరు చూస్తారు? షిర్లీని, చెల్లెళ్లని చిన్నప్పుడే బార్బడోస్‌లో అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. 1934లో గానీ మళ్లీ బ్రూక్లిన్ రాలేదు. పెద్దయ్యాక ఈవిడ ఏం చేసిందో చూడు. పసిపిల్లల చదువు మీద కొలంబియాలో ఎమ్మే చేసి, న్యూయార్క్‌లో డే కేర్ సెంటర్ నడిపింది. తన అమ్మానాన్నలకి దొరకని ఆసరా ఇంకొకళ్లకి ఇచ్చిందన్నమాట. ఎన్నికల్లో నిలబడింది ఆ తర్వాతే.

తమ్ముడు: ముందు రాష్ట్ర అసెంబ్లీకి కదా?

అక్క: 1964లో గెలిచింది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకి పని పోతే భృతి అందేలా అక్కడే చట్టం చేయించింది.

తమ్ముడు: 68 ఎన్నిక నేను చెప్తానక్కా, నాకు భలే ఇష్టం అది. ఎదుటి అభ్యర్థి జేమ్స్ ఫార్మర్. పౌరహక్కుల ఉద్యమంలో దేశమంతా తెలిసిన నాయకుడు. వాషింగ్టన్‌లో మగగొంతు వినపడాలి అన్నట్టు సాగింది ఆయన ప్రచారం. ఈవిడేమో ప్రచారం మధ్యలో జబ్బు పడి ఆపరేషన్ చేయించుకుంది. మనిషి కనపడట్లేదని అవతలివాళ్లు అంటుంటే, ఇంకా పూర్తిగా కోలుకోకుండానే మైకు బండెక్కి వీధుల్లోకి వచ్చేసింది. "ఫైటింగ్ షిర్లీ చిజమ్" వచ్చేసిందని తనే మైకులో చెప్పేదట!

అక్క: పోర్టోరికో వాళ్లుండే వీధుల్లో స్పానిష్‌లో మాట్లాడేది. పైగా ఆ నియోజకవర్గంలో మగవాళ్లకన్నా ఆడవాళ్ల ఓట్లు బాగా ఎక్కువ. ఆ లెక్క ఆవిడ ముందే చూసుకుంది.

తమ్ముడు: తీరా గెలిచి వెళ్తే వ్యవసాయ కమిటీలో వేశారు! అందులోనూ అడవులు, పల్లెల సంగతి చూసే ఉపసంఘం. బ్రూక్లిన్‌లో పొలాలెక్కడివి?

అక్క: కొత్తగా వచ్చినవాళ్లు ఇచ్చింది తీసుకుని కూర్చోవాలి, అదీ అక్కడి ఆనవాయితీ. స్పీకర్ కూడా సర్దుకుపొమ్మన్నారు. ఈవిడ సర్దుకోలేదు. పార్టీ సమావేశంలో మాట్లాడతానని లేచి నిలబడింది. ఎన్నిసార్లు లేచినా పిలవలేదు. ఇక సీట్లోంచి దిగి నేరుగా ముందుకెళ్లి, పిలిచేదాకా అక్కడే నిలబడింది. చివరికి మాట్లాడనిచ్చారు. సభ మొత్తంలో ఉన్నదే తొమ్మిదిమంది నల్లజాతి సభ్యులు, మమ్మల్ని మా జనానికి పనికొచ్చే చోట పెట్టండి అంది. మాజీ సైనికుల కమిటీకి మార్చారు. మా దగ్గర చెట్లకన్నా మాజీ సైనికులే ఎక్కువ అని ఒప్పుకుంది. తర్వాత 1971లో విద్య, కార్మిక కమిటీలోకి వెళ్లింది. కనీస వేతనం సంగతి చూసేది ఆ కమిటీయే.

తమ్ముడు: అయినా ఆ అధ్యక్ష పోటీని నువ్వు తక్కువ చేస్తున్నావేమో అక్కా. డెమోక్రటిక్ పార్టీ లాంటి పెద్ద పార్టీ టికెట్ కోసం నల్లజాతి మహిళ నిలబడటం అంతకుముందు లేనేలేదు. టీవీ డిబేట్‌కి పిలవకపోతే న్యాయపోరాటం చేసి టైమ్ తెచ్చుకుంది. నల్లజాతి మగ నాయకులు చాలామంది వెంట రాలేదు, మహిళా ఉద్యమంలో పేరున్నవాళ్లు కొందరు వెనకాముందాడారు. అన్నీ దాటుకుని అభ్యర్థిని ఎన్నుకునే మయామీ బీచ్ పార్టీ సమావేశంలో దాదాపు 152 ఓట్లు తెచ్చుకుంది.

అక్క: తక్కువ చేయట్లేదురా. ఆ పోటీలోనే జరిగిన ఒక సంగతి వల్ల ఆ కనీస వేతనం పని ముందుకెళ్లింది, అది చెప్పాలి. అదే టికెట్ కోసం పోటీ పడుతున్నాడు జార్జ్ వాలెస్, దక్షిణాది రాష్ట్రం అలబామాకి గవర్నర్. తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఎప్పటికీ విడివిడిగానే ఉండాలని 1963లో ప్రమాణస్వీకారం రోజున గొంతెత్తి చెప్పిన మనిషి. 1972 మే 15న అతని మీద కాల్పులు జరిగాయి, నడుం కింద చచ్చుబడిపోయింది. ఈవిడ ఆస్పత్రికెళ్లి పలకరించింది.

తమ్ముడు: సొంత మనుషులే మండిపడ్డారు కదా.

అక్క: మండిపడ్డారు. మీవాళ్లు ఏమనుకుంటారని వాలెసే అడిగాడట. ఏమంటారో తెలుసు, కానీ మీకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదు అందట. అతను ఏడ్చాడు. నేనైతే వెళ్లగలిగేదాన్ని కాదు. రెండేళ్ల తర్వాత కనీస వేతనం బిల్లుకి దక్షిణాది సభ్యుల ఓట్లు కావలసి వస్తే, వాలెస్ వాళ్లతో మాట్లాడి సాయం చేశాడని ఆవిడే తర్వాత చెప్పింది. అంతకుముందు ఏడాది బిల్లుని అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశాడు. 1974 ఏప్రిల్‌లో అదే నిక్సన్ సంతకం పెట్టాడు.

తమ్ముడు: ఓడిపోయినవి కూడా ఉన్నాయిగా. పనికెళ్లే తల్లుల పిల్లలకి డే కేర్ కోసం 1971లో కాంగ్రెస్ పాస్ చేసిన బిల్లు.

అక్క: అదీ నిక్సనే వీటో చేశాడు. డే కేర్ ఖర్చుకి భయపడి పిల్లల్ని ఊళ్లకి పంపే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. నన్నడిగితే దేశానికి అదే పెద్ద నష్టం.

తమ్ముడు: బార్బరా లీ సంగతి చెప్పకపోతే ఎలా! ఓక్లండ్‌లో మిల్స్ కాలేజీ విద్యార్థిని, చిన్న పిల్లల తల్లి. 72 ప్రచారంలో పనిచేస్తానని వచ్చింది. ఓటు నమోదు చేసుకున్నావా అని ఈవిడ అడిగితే లేదంది. ముందు ఆ పని చెయ్యి అని పట్టుబట్టింది. ఆ అమ్మాయే తర్వాత పాతికేళ్లకి పైగా కాంగ్రెస్‌లో ఉంది. 2001లో సెప్టెంబర్ 11 దాడులు జరిగిన మూడో రోజు అధ్యక్షుడికి యుద్ధాధికారాలిచ్చే తీర్మానం వస్తే, 420 మంది సరే అన్న సభలో వద్దని ఓటేసింది ఆవిడొక్కతే.