కంపోస్టబుల్ నర్సరీ కవర్లు: కడియానికి పనికొస్తాయా?

నమస్కారం. కడియం నర్సరీల్లో చాలా మొక్కలు నల్ల పాలిథిన్ కవర్లలోనే పెరుగుతాయి. మొక్కను నేలలో నాటాక చించిపారేసిన కవరు గట్టు మీదకో, కాలువలోకో చేరుతుంది. దానికి బదులు పిండిపదార్థంతో చేసిన కంపోస్టబుల్ కవరు, అంటే కంపోస్టులో కుళ్లి కలిసిపోయే కవరు, వాడవచ్చా అన్నది ఈ వీడియోలో పరిశీలిద్దాం.

మొక్కజొన్న పిండికో, కర్రపెండలం పిండికో గ్లిసరాల్, నీరు చేర్చి యంత్రంలో వేడిచేస్తూ కలిపితే అది సాగే ముద్దగా మారుతుంది. అయితే పిండి తేమను పీల్చుకుంటుంది కనుక, ఒక్క పిండితోనే చేసిన పొర తడికి మెత్తబడి చిరిగిపోతుంది. అందుకే చాలా కవర్లలో పీబీఏటీ అనే, ప్లాస్టిక్ రకానికి చెందిన మరో పాలిమర్‌ను కలుపుతారు. దాన్ని సూక్ష్మజీవులు తినగలవు గాని, అది సాధారణంగా పెట్రోలియం నుంచే తయారవుతుంది. కవరు మీది ఆకు బొమ్మ ఈ సంగతి చెప్పదు. మరోవైపు చెరకు ఆల్కహాల్‌తో చేసే పాలిథిన్ పూర్తిగా మొక్క నుంచే వచ్చినా, మామూలు పాలిథిన్‌లాగే నేలలో కలవకుండా ఉండిపోతుంది. కాబట్టి దేనితో చేశారన్న ప్రశ్న, నేలలో కలుస్తుందా అన్న ప్రశ్న వేర్వేరు.

కంపోస్టబుల్ అన్న ముద్రకు మన దేశంలో ఆధారం ఐఎస్ 17088 ప్రమాణం. నియంత్రిత కంపోస్టులో, సుమారు 58 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 180 రోజుల్లోగా పదార్థంలోని 90 శాతం కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. మన రోహిణీ కార్తె ఎండల్లోనైనా కాలువ నీరు అంత వేడెక్కదు. అంటే ఈ కవరును కూడా కాలువలో వేయకూడదు.

వాడకానికి వస్తే, త్వరగా అమ్ముడుపోయే పూలమొక్కలకు, కూరగాయల నారుకు ఇది సరిపోతుంది. నెలల తరబడి తడిలో ఉండే మామిడి అంట్లకు మాత్రం నేను సిఫారసు చేయను, ఎందుకంటే మొక్క అమ్ముడుపోయేలోపే అడుగు ఊడిపోయే ప్రమాదం ఉంది. వాటికి కోనసీమ కొబ్బరి పీచు కుండీలే మేలని నా అభిప్రాయం. పీచులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ కావడంతో అది నెమ్మదిగా కుళ్లుతుంది, వేళ్లు గోడలోంచి బయటకు వస్తాయి, కుండీతో సహా నాటేయవచ్చు. గాలి ఆడటం వల్ల త్వరగా ఆరిపోతాయి గనుక నీళ్లు మాత్రం తరచుగా పెట్టాలి.

కంపోస్టబుల్ కవర్లు కొనేవారు ధర అడిగే ముందు, తయారీదారుకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్‌ను చూపించమని అడగండి.