స్లీప్ వేశాక అది ఎక్కడికీ పోదు: నోమ్ విజార్డ్ స్లాట్ల లెక్క

హాయ్ అందరికీ, తిరుపతి నుంచి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి, పాచికలేస్తూ కథ నడిపే ఆట, అంతకంటే అక్కడ టైమ్ వేస్ట్ చేయను. మా టేబుల్ దగ్గర కొత్తగా విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) తీసుకున్న ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "అన్నా, నిద్రపుచ్చే స్లీప్ వేసేశా, ఇక ఈరోజుకి ఆ మంత్రం పోయినట్టేనా?" పోలేదు నాయనా! పాత ఎడిషన్లలో అలా ఉండేది, ఆ మాట ఇంకా తిరుగుతోంది. నేను చెప్పేది 2014 నాటి ఐదో ఎడిషన్ లెక్క. పాత్ర: లెవెల్ 1 (మొదటి మెట్టు) నోమ్, అంటే పొట్టి జాతివాడు.

[స్క్రీన్ మీద: టిఫిన్ హోటల్ బోర్డు]

బస్టాండ్ దగ్గర టిఫిన్ హోటల్ అనుకోండి. బోర్డు మీద ఆరు ఐటమ్స్. అది మీ స్పెల్‌బుక్, అంటే మంత్రాల పుస్తకం. పొద్దున మాస్టర్ రెడీ చేసినవి నాలుగే. అవి ప్రిపేర్ చేసిన మంత్రాలు. మీ చేతిలో టోకెన్లు రెండు. అవి స్లాట్లు, అంటే రోజుకి ఎన్నిసార్లు మంత్రం వేయొచ్చో ఆ లెక్క. ఒక దోసె తింటే ఖర్చయింది టోకెన్, పిండి అలాగే ఉంది. రెండో టోకెన్‌కి మళ్లీ ఎర్రకారం దోసే తినండి, లేదా పొంగల్ తినండి, మీ ఇష్టం. క్యాంట్రిప్‌లు (స్లాట్ అక్కర్లేని చిన్న మంత్రాలు) చట్నీ లాంటివి, ఎన్నిసార్లయినా వేయించుకోవచ్చు. (చట్నీకి కూడా లెక్క చూసే హోటళ్ల గురించి నేనేం మాట్లాడను.)

మరి బోర్డు మీద ఉండి, రెడీగా లేని రెండూ? వాటిలో రిచువల్ అని రాసుంటే, "పది నిమిషాలు కూర్చోండి సార్, చేసిస్తాం" అన్నట్టే. అదనంగా పది నిమిషాలు పడుతుంది, టోకెన్ అడగరు! మధ్యాహ్నం షార్ట్ రెస్ట్ తీసుకుంటే రోజుకోసారి ఒక టోకెన్ వెనక్కి కూడా ఇస్తారు.

ఇక నోమ్ ఎందుకు? ఇంటెలిజెన్స్ (తెలివి) స్కోరుకి 2 కలుస్తుంది. 15 పెడితే 17, ఆ స్కోరుకి వచ్చే బోనస్ ప్లస్ 3. దానికి లెవెల్ 1 కలిపితే నాలుగు. ఆ నాలుగు ఇక్కడి నుంచే వచ్చింది. అందుకే నా ఆరు ఇవి: స్లీప్, షీల్డ్, మేజ్ ఆర్మర్, సైలెంట్ ఇమేజ్ ప్రిపేర్ చేస్తా. ఫైండ్ ఫెమిలియర్, డిటెక్ట్ మ్యాజిక్ రిచువల్స్ కాబట్టి బోర్డు మీదే వదిలేస్తా. ఆరూ వాడుకలోనే ఉన్నాయి చూడండి.

నోమ్‌ని జోకర్‌లా ఆడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మంత్రాల మీద ఇంటెలిజెన్స్, విజ్డమ్, కరిష్మా సేవింగ్ త్రోలన్నిటికీ (మంత్రం నుంచి తప్పించుకోడానికి వేసే పాచికలు) అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) ఉన్న మనిషిని పట్టుకుని కామెడీ ఏంటండీ?

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఫారెస్ట్ నోమ్ తీసుకోండి: మైనర్ ఇల్యూజన్ (చిన్న భ్రమ పుట్టించే క్యాంట్రిప్) ఫ్రీ, చిన్న జంతువులకి మన మాట కాస్త అర్థమవుతుంది. అలిపిరి మెట్ల మీద కోతులతో బేరమాడే సీన్ మా డీఎం (ఆట నడిపించేవాడు) ఇంకా పెట్టలేదు. లెవెల్ 2లో ఇల్యూజన్ స్కూల్ (భ్రమల మీద ప్రత్యేక చదువు): ఒకే మైనర్ ఇల్యూజన్‌లో బొమ్మ, శబ్దం రెండూ. కొత్త మంత్రం పుస్తకంలోకి ఎక్కించాలంటే దాని లెవెల్ ఒక్కోదానికి 2 గంటలు, 50 బంగారు నాణేలు. ఆ నాణేలు మాత్రం మీ పార్టీలో రోగ్ (దొంగ పాత్ర) కంట పడనివ్వకండి. బై!